గుమ్మం బయట చెప్పాల్సిన మాట

పోయినవారం పద్మశ్రీని కువైట్ దేశంలో, అబూ హలీఫాలోని ఒక ఫ్లాటు వంటింట్లో, చేతిలోంచి గరిటె జారిపోయిన మనిషిని, అలాగే నిలబెట్టి వచ్చేశాం. గరిటె ఇంకా నేలమీదే ఉంది. గుమ్మడికాయ పులుసు చుక్కలు ఆవిడ పాదాల మీద పడ్డాయి. కాలాయో లేదో ఆవిడకే తెలియదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం కథ ఎక్కడుందో చెప్పేస్తాను, పాతవాళ్ళు విసుక్కోకండి. ఆ ఫ్లాటు కుక్కుటేశ్వరరావుది. అల్ రాయ్‌లో పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డులో మేస్త్రీ ఆయన. తల్లి సూరాయమ్మ ఎనభై దాటిన మనిషి. కొడుకు ఎలా బతుకుతున్నాడో కళ్ళారా చూసిపోదామని విజిట్ వీసా మీద వచ్చింది, వచ్చేవారం తిరుగు ప్రయాణం. పద్మశ్రీ వాళ్ళకు రక్తసంబంధం కాదు. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. పాత కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, ఇంట్లో తిండికీ నిద్రకూ మొహం వాచిపోయి ఉన్నప్పుడు, ఎంబసీ చుట్టూ తిరిగి, ఎవరెవరి కాళ్ళో పట్టుకుని ఆవిణ్ణి బయటపడేసింది కుక్కుటేశ్వరరావే. అప్పట్నించి ఆయన బాబాయి, ఆ ఇల్లు పుట్టిల్లు. ఈ దేశంలో పద్మశ్రీకి తలుపు తట్టకుండా లోపలికి వెళ్ళగలిగే ఇల్లు అదొక్కటే.

ఈ శుక్రవారం పెద్దలకు పెట్టుకునే రోజు. నిజానికి అమావాస్య వారం మధ్యలోనే వచ్చి వెళ్ళిపోయింది. కానీ కువైట్‌లో పెద్దలైనా సరే శుక్రవారం దాకా ఆగాల్సిందే. మేస్త్రీకి సెలవు లేకపోతే పితృదేవతలు మాత్రం ఏం చేస్తారు? సూరాయమ్మ ముందు ససేమిరా అంది, తర్వాత మూతి ముడుచుకుని ఒప్పుకుంది. ఇక్కడ కాకులు కూడా సరిగ్గా దొరకవని, బాల్కనీలో పెట్టిన ముద్దను గోరువంకలు తినేసి పోతాయని తెలిశాక మరోసారి మూతి ముడుచుకుంది.

గొడవంతా ఆకుల దగ్గర మొదలైంది. అరటాకులు తేవడానికి కొడుకు కిందికి దిగబోతూ ఎన్ని కావాలన్నాడు. మొగుడికొకటి, తల్లికొకటి, అత్తమామలకు చెరొకటి అంది సూరాయమ్మ. మీ నాన్నగారికో అంది పద్మశ్రీ, ఊరికే, నోటికి వచ్చింది కాబట్టి. సచ్చేడని ఎవరూ సెప్పనోడికి విస్తరెందుకే అని సూరాయమ్మ విరుచుకుపడింది. అప్పుడు తెలిసింది కథ. ఆవిడ తండ్రి సింహాద్రి, కోరంగి దగ్గర మాడలంకవాడు, యుద్ధం రోజుల్లో కలకత్తాలో ఓడెక్కిన కలాసీ. అట్లాంటిక్ దాటుతుంటే జలాంతర్గామి ఆ ఓడను కొట్టింది. స్నేహితుడొకడు తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి, సింహాద్రిని వేరే ఓడ ఎక్కించుకుంది, వస్తాడు అని చెప్పాడు. రాలేదు. అవతలి దేశంలోనే దొరసానిని కట్టుకుని ఉండిపోయాడు. కడుపులో ఉన్న కూతురి మొహం కూడా చూడలేదు.

ఆ కబురు తెచ్చిన స్నేహితుడి పేరు నూకరాజు. మాడలంక, సింహాద్రి అన్నప్పుడే ఆగిపోయిన చేతిలోంచి, ఆ పేరు వినగానే జారింది గరిటె. నూకరాజు పద్మశ్రీకి కన్నతల్లి తండ్రి.

పద్మశ్రీ వంగి గరిటె తీసింది, కడిగింది, నేల తుడిచింది. చేతుల పని చేతులు చేసుకుపోతున్నాయి. కాలిందేటే అని సూరాయమ్మ అడిగితే లేదండి అంది. కుక్కుటేశ్వరరావు అప్పటికే మలయాళీ కొట్టుకు బయల్దేరాడు. ఆకులకని వెళ్ళినవాడు ఆకులు తీసుకుని తిన్నగా వస్తాడా? దారిలో కనపడ్డ ప్రతి తెలుగువాడినీ పలకరించి, ఇద్దర్ని భోజనానికి పిలిచి మరీ వస్తాడు. అంతవరకూ ఇంట్లో ఆడవాళ్ళిద్దరే.

వంటింటి కిటికీలోంచి సముద్రం ముక్క కనిపిస్తుంది. నూనె నింపుకోవడానికి తమ వంతు కోసం ఎదురుచూస్తూ ట్యాంకర్లు లంగరేసి ఉంటాయి. సూరాయమ్మ వచ్చిన రోజునుంచీ ఆ కిటికీకి వీపు పెట్టే కూర్చుంటోంది. ఎండ కళ్ళలో పడుతోందంటుంది. టీవీలో ఎక్కడో ఏదో ఓడను కొట్టారన్న వార్త వస్తే కట్టెయ్యమంటుంది. ముసలావిడ చాదస్తం అనుకున్నారు అందరూ.

నూకరాజుదీ అదే చాదస్తం. క్యాలెండర్ మీద ఓడ బొమ్మ వస్తే ఆ నెల కాగితాన్ని వెనక్కి తిప్పి మేకుకు గుచ్చేవాడు. ఎప్పుడో సొంత ఊరు వదిలేసి రాజోలు వైపు వచ్చి, కొబ్బరితోటకు కాపలా ఉంటూ బతుకు వెళ్ళదీశాడు. ఎందుకు వదిలాడో పెళ్ళానికీ చెప్పలేదు, పిల్లలకూ చెప్పలేదు. ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చున్న మనవరాలికి చెప్పాడు. ఒకసారి కాదు, రోజూ చెప్పాడు, చెప్పిందే చెప్పాడు. మిగతావాళ్ళు పలవరింత అనుకున్నారు. మాడలంక వెళ్ళి సింహాద్రి పెళ్ళాం ఆదెమ్మ గుమ్మంలో నా మాట చెప్పు అన్నాడు. పరికిణీలు కట్టే పిల్ల, సరే తాతా అంది. ఆ తర్వాత పెళ్ళి, పురుళ్ళు, మొగుడి జబ్బు, కువైట్. ఆదెమ్మ ఎప్పుడో పోయుంటుంది, చెప్పాల్సిన మాటా ఆవిడతోనే పోయుంటుంది అనుకుని పద్మశ్రీ ఊరుకుంది. కుక్కుటేశ్వరరావు ఎవరడిగినా తమది కోరంగి అనేవాడే తప్ప, చిన్న ఊరి పేరు చెబితే మళ్ళీ అదెక్కడ అంటారని మాడలంక ఊసే ఎత్తేవాడు కాదు. తను ప్రతి శుక్రవారం తల దువ్వి ముడిపెడుతున్న ఈ ముసలావిడే ఆ ఆదెమ్మ కూతురని పద్మశ్రీ కలలో కూడా అనుకోలేదు.

ఇక్కడ మాడలంక పద్ధతి ఒకటి చెప్పాలి. సముద్రం మీద పోయినవాడికి శవం ఉండదు. సర్కారు కాగితాన్ని ఆ ఊరివాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. కళ్ళతో చూసినవాడు రావాలి. గుమ్మం బయటే నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండా, పోయిందెవరో, ఎక్కడ పోయాడో, తను చూశానని నోటితో చెప్పాలి. అప్పుడే ఆ ఇల్లాలి గాజులు తీసేవాళ్ళు. చెప్పినవాడికి ఆ ఇంటివాళ్ళు స్వయంగా మంచినీళ్ళివ్వాలి. నీళ్ళిచ్చారంటే, కబురు తెచ్చినందుకు నీమీద ఈ ఇంటికి పగ లేదని అర్థం. చూసినవాడు చెప్పకుండానే పోతే ఆ భారం వాడి రక్తానిది. కొడుకో మనవరాలో వెళ్ళి చెప్పాలి. నూకరాజు ఆ గుమ్మానికి వెళ్ళాడు, నిలబడ్డాడు, నీళ్ళూ తాగాడు. చెప్పింది మాత్రం అబద్ధం.

వచ్చేవారం ముసలావిడ విమానం ఎక్కేస్తుంది. నోరు మూసుకుంటే ఖలాస్, అడిగేవాడు లేడు. బాబాయి బాబాయిగానే ఉంటాడు, శుక్రవారం శుక్రవారంగానే ఉంటుంది. చెబితే నూకరాజు మనవరాల్ని ఈ గడప మళ్ళీ తొక్కనిస్తారా? తొక్కనివ్వకపోతే సల్వా వంటింట్లోంచి సెలవురోజు తను ఎక్కడికి వెళ్ళాలి? పద్మశ్రీ భయపడింది. భయపడి, పులుసులో బెల్లం వేసి కలిపి, ఏమీ తెలియనట్టు ఉండిపోదామనే అనుకుంది. ఆవిడ అలాగే ఉండిపోయేదేమో కూడా, సూరాయమ్మ ఆ మాడు సంగతి ఎత్తకపోతే.

అన్నం గిన్నె అడుగున మాడు పట్టింది. దాన్ని గీకి పక్కన పెట్టమంది సూరాయమ్మ. ఏటా ఈ రోజున ఆవిడ చేసే పని ఒకటుంది. పెద్దలకు విస్తళ్ళు వేసే ముందు, అడుగంటిన ఆ మాడును తండ్రి పేరు చెప్పి మురుగులో పడేస్తుంది. తల్లికి తెలియకుండా చిన్నప్పుడు మొదలుపెట్టింది, ఇప్పటిదాకా ఒక్క ఏడూ మానలేదు.

"నాకు లెగటానికి ఓపిక లేదే," అంది. "ఆ సింకులో నువ్వే పడేసెయ్. ఊరికే పడెయ్యకూడదు. సిమ్మాద్రీ, నీ వాటా ఇదిరా అనాలి."

పద్మశ్రీ గిన్నె తీసుకుని సింకు దాకా వెళ్ళింది. మాడు ముక్క చేతిలోకి తీసుకుంది. ఇంకా వెచ్చగా ఉంది. నోరు తెరిచింది. తాత మంచం, తాత పలవరింత, మాడలంక వెళ్ళమ్మా అన్న గొంతు అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. ఆ పేరు పెట్టి ఆ మాట అనడం ఆవిడ వల్ల కాలేదు. మాడును మళ్ళీ గిన్నెలోనే పెట్టేసింది.

"నేననలేనండి, మామ్మగారూ."

"ఎందుకనలేవు?"

"చచ్చిపోయిన మనిషిని అలా అనకూడదండి."

సూరాయమ్మ మెల్లగా తల తిప్పి చూసింది. "సచ్చిపోయేడని నీకెవరు సెప్పేరు?"

"నూకరాజు చెప్పేడండి. నూకరాజు మా తాత."

పద్మశ్రీ స్టవ్వు కట్టేసింది. ఇలాంటి మాటలు పక్కన పులుసు ఉడుకుతుండగా చెప్పేవి కావు. నేలమీద, ముసలావిడ కుర్చీ ముందు కూర్చుంది. తాత ఏ వరసలో చెప్పేవాడో ఆ వరసలోనే చెప్పింది.

రంగూన్ మీద బాంబులు పడ్డాక రేవు పని పోయి ఇద్దరూ ఊరొచ్చారు. కొన్నాళ్ళుండి కలకత్తా వెళ్ళారు. ఓడ కూలీలను కుదిర్చే సరంగు ఒకడే ఇద్దర్నీ పనిలోకి తీసుకున్నాడు కానీ ఒకే ఓడ మీద వెయ్యలేదు. సింహాద్రికి ఒక ఓడలో కొలిమికి బొగ్గు వేసే పని, నూకరాజుకు మరో ఓడలో పైన పని. అయినా ఇంగ్లండునుంచి అవతలి ఒడ్డుకు బయల్దేరినప్పుడు ఆ రెండు ఓడలూ ఒకే గుంపులో పడ్డాయి, ఒకే వరసలో ముందూ వెనకా. గుంపంటే సంతకు పోయే బళ్ళలాగా వరస పక్కన వరస, చుట్టూ కాపలా ఓడలు. ఎవరి చోటు వాళ్ళు వదలకూడదు. చీకటి పడితే చుట్ట కూడా వెలిగించకూడదు. పగలు తీరిక దొరికితే సింహాద్రి తన ఓడ వెనక భాగానికి వచ్చి ఎర్ర తువ్వాలు ఊపేవాడట, నూకరాజు ఇటునుంచి ఊపేవాడట. బతికున్నావా అంటే బతికున్నాను అని.

ఆ గుంపుకు అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది. పక్క ఓడకు దెబ్బ తగిలితే ఆగకూడదు. నీళ్ళలో మనుషులున్నా ఆగకూడదు. ఆగిన ఓడను కొట్టడం సులువు, నీళ్ళ కింద కాచుకున్నవాళ్ళు చూసేది అందుకే. పడ్డవాళ్ళను ఏరుకోవడానికి గుంపు చివర ఒక ఓడ వస్తుంది, ఆ పని దానిది. మొదటిసారి ఈ నియమం విన్నప్పుడు సింహాద్రి నవ్వాడట. మన ఏట్లో పడవ తిరగబడితే పగవాడైనా చెయ్యందిస్తాడు కదరా, ఇదెక్కడి సముద్రంరా అన్నాడట.

తెల్లవారుతుండగా దెబ్బ పడింది. సింహాద్రి ఓడకే పడింది. చూస్తుండగానే అది ఒరిగిపోయింది. వెనక వస్తున్న నూకరాజు ఓడ దారిలోకే ఆ మనుషులంతా కొట్టుకొచ్చారు. నల్లటి నూనె, విరిగిన చెక్కలు, మధ్యలో తలకాయలు. నూనె పూసుకున్న మొహాల్లో ఎవరెవరో తెలియదు. ఆ ఓడ వేగం తగ్గించలేదు. పక్కకు తిరగలేదు. వాళ్ళ మధ్యలోంచే వెళ్ళిపోయింది. అవతలి ఒడ్డు చేరాక, చివరి ఓడ ఏరుకున్నవాళ్ళను దింపుతుంటే నూకరాజు రేవులో నిలబడి దుప్పట్లు కప్పుకున్న ప్రతి మొహాన్నీ చూశాడు. వాళ్ళలో సింహాద్రి లేడు. చివరివాడు దిగిపోయాక కూడా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

సూరాయమ్మ అంతసేపూ కదలకుండా వింది. ఇక్కడికొచ్చేసరికి చెయ్యి ఎత్తి ఆపమంది.

"మరి ఏరే ఓడ ఎక్కించుకుందని మా అమ్మకెందుకు సెప్పేడు?"

పద్మశ్రీ తల వంచుకుంది. "మీరు కడుపులో ఉన్నారండి."

నూకరాజు ఊళ్ళోకి నిజం చెప్పడానికే వచ్చాడు. వీధి మొదట్లోనే సింహాద్రి తల్లి ఎదురైంది. అతని మొహం చూడగానే ఆవిడకు అర్థమైపోయింది. అతని నోటికి తన చెయ్యి అడ్డం పెట్టింది. కోడలికి నెలలు నిండాయి, చూలాలి చెవిన చావుకబురు వేస్తే తల్లీ బిడ్డా దక్కరు, పురుడయ్యేదాకా వాడు బతికే ఉన్నాడని చెప్పు నాయనా అని వీధిలో అతని కాళ్ళు పట్టుకుంది. కొడుకు పోయిన తల్లి, కొడుకు బిడ్డనైనా దక్కించుకుందామనుకుంది. నూకరాజు వెళ్ళి అబద్ధం చెప్పాడు. ఆదెమ్మ సంబరంగా నీళ్ళిచ్చింది. వారం తిరక్కుండా సూరాయమ్మ పుట్టింది.

పురుడయ్యాక చెబుదామంటే బాలింత అన్నారు. కొన్నాళ్ళకు చెబుదామంటే పిల్లకు జ్వరం అన్నారు. ఆ తర్వాత ఆ అత్తగారే హఠాత్తుగా కన్నుమూసింది. ఆ అబద్ధం చెప్పమన్నది ఆవిడే అని తెలిసిన మనిషి ఇక ఎవరూ మిగల్లేదు. ఆదెమ్మ రోజూ వీధిలో ఎదురై, ఏరా నూకా, మీ వాడు ఎప్పుడొస్తాడంటావు అని నవ్వుతూ అడిగేది. ఆ బొట్టు, ఆ నవ్వు భరించలేక నూకరాజు ఊరే వదిలేశాడు. దొరసాని కథ అతను చెప్పింది కాదు. బతికున్నవాడు రాలేదంటే ఏదో ఒకటి ఉండాలి కదా, ఆ పెళ్ళి ఊరే చేసింది.

ఇదంతా చెప్పింది పద్మశ్రీ. ఆ తెల్లవారుజాము చివరి ముక్క మాత్రం దాటేసింది. ఆ ఉదయం ఆ రెండో ఓడ చుక్కాని నూకరాజు చేతుల్లోనే ఉంది. తిప్పితే ఏమయ్యేదో అతనికి తెలుసు. వెనక ఓడ వచ్చి గుద్దుకునేదేమో, ఇంకో దెబ్బ పడేదేమో, ఓడలో ఉన్నవాళ్ళంతా పోయేవాళ్ళేమో. అవన్నీ తెలిసే తిన్నగా పట్టుకున్నాడు. పలవరింతల్లో కూడా అతను రెండు చేతులూ ముందుకు చాచి గుప్పిళ్ళు బిగించి ఉండేవాడు. ఆ గుప్పిళ్ళు విప్పడానికి పద్మశ్రీ ఎంత ప్రయత్నించినా వచ్చేవి కావు. అదెలా చెప్పడం? చెప్పిందే ఎక్కువ.

సూరాయమ్మ కిటికీ వైపు తిరిగింది. తర్వాత ఎవరితోనో అన్నట్టు అంది.

"మా అమ్మ పోయినప్పుడు పసుపు రాసి, కుంకం పెట్టి, కొత్తసీర కట్టి పంపేం. ముత్తైదువు సావని ఊరంతా దండం పెట్టేరు. నేనొక్కదాన్నే దండం పెట్టలేదు. ఆ బొట్టు సూత్తే నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవడి కోసమే నీకీ బొట్టు అని శవాన్ని తిట్టేను." ఆవిడ మళ్ళీ పద్మశ్రీ వైపు తిరిగింది. "నా కోసమా అది? నేను బతకాలనా?"

పద్మశ్రీ ముందుకు జరిగింది. ఆవిడ మోకాలి మీద చెయ్యి వేయబోయింది. సూరాయమ్మ ఆ చెయ్యి తీసేసింది.

"లే. బయటికి నడు."

అయిపోయింది అనుకుంది పద్మశ్రీ. భయపడ్డదే జరిగింది. హాల్లోంచి సంచీ తీసుకుంది. చెప్పులేసుకుంటుంటే పట్టీ ఒక పట్టాన దొరకలేదు, కళ్ళు మసకబారాయి. సల్వా వెళ్ళే బస్సు ఇంత మిట్టమధ్యాహ్నం ఉంటుందో ఉండదో. ఉండకపోతే సముద్రం ఒడ్డున ఎక్కడైనా నీడ చూసుకుని కూర్చోవాలి. తలుపు తీసుకుని వరండాలోకి వచ్చి, లిఫ్టు బటన్ నొక్కడానికి చెయ్యి చాచింది.

"ఎక్కడికే ఎల్తన్నావు?"

సూరాయమ్మ గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ తలుపు దాకా వచ్చింది. గడపకు లోపల నిలబడింది.

"పొమ్మన్నాననుకున్నావా? ఆ మాట వంటింట్లో కూకుని సెప్పేది కాదు. అక్కడ నిలబడి, పద్దతి ప్రకారం సెప్పు. మా అమ్మ లేదు. నేనింటాను."

ఎదురింటి ఈజిప్టు ఆయన చెత్తసంచీతో తలుపు తీశాడు. వీళ్ళ మొహాలు చూసి, ఏమనుకున్నాడో ఏమో, సంచీతోనే లోపలికి వెళ్ళి మెల్లగా తలుపు వేసుకున్నాడు. పద్మశ్రీ సంచీ కింద పెట్టింది. చెప్పులు విప్పేసింది. పైట భుజం మీదుగా కప్పుకుని, గడప ముందు నిలబడింది.

"మాడలంక సింహాద్రి, ఆదెమ్మ గారి పెనిమిటి, అట్లాంటిక్ సముద్రంలో, ఒడ్డు కనపడని చోట, తెల్లారగట్ల నీళ్ళలో పోయేరండి. మా తాత నూకరాజు కళ్ళారా చూసేడు. ఆయన చెప్పలేకపోయిన మాట నేను చెప్తన్నాను."

పద్ధతి ప్రకారం చెప్పాల్సింది అంతే. కానీ అడిగే హక్కు ఆ ఇంటివాళ్ళకుంటుంది. చివర్లో ఏమన్నా అన్నాడా అని సూరాయమ్మ అడిగింది. ఇది చెప్పకుండా దాచుకోవడానికి పద్మశ్రీకి మనసు రాలేదు.

"అన్నారంటండి. ఓడ తన వైపే వత్తంటే తన కోసమే వత్తందనుకున్నారంట. చెయ్యెత్తి నవ్వేరంట. 'ఒరే నూకా, వచ్చేసేవా' అన్నారంట."

లిఫ్టు తలుపు తెరుచుకుంది. చంకలో అరటాకుల చుట్టతో, పెదవుల మీద ఎవరికో చెప్పబోతున్న కబురుతో కుక్కుటేశ్వరరావు బయటికి వచ్చాడు. గడపకు అటు తల్లి, ఇటు చెప్పుల్లేకుండా పద్మశ్రీ. ఆ నిలబడ్డ తీరు ఆయనకు తెలుసు. చిన్నప్పుడు ఊళ్ళో చూశాడు. లిఫ్టు ముందే ఆగిపోయాడు.

సూరాయమ్మ ఏడ్చింది. చేతిలో కొంగు ఉన్నా కళ్ళు తుడుచుకోలేదు. అయ్యా, అయ్యా అని రెండుసార్లు పిలిచింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఆ మనిషిని అలా పిలవడం అదే మొదలు. కొడుకు దగ్గరికి రాబోతే అక్కడే ఉండమంది.

"ఆకులెన్ని తెచ్చేవురా?"

"నువ్వు సెప్పినవాటికి ఒకటి ఎక్కువే తెచ్చేనమ్మా, సిరుగుతాదేమోనని."

"మంచి పని సేసేవు. అది మా అయ్యకి."

ఆ మాటతో పద్మశ్రీకి కూడా ఏడుపు వచ్చేసింది. ఎన్నేళ్ళుగానో మోస్తున్నది దించినట్టయింది. సూరాయమ్మ వెనక్కి తిరిగి, మళ్ళీ గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళింది. కుళాయి చప్పుడు వినిపించింది. స్టీలు గ్లాసు నిండా నీళ్ళతో తిరిగొచ్చింది. కొన్ని నీళ్ళు దారిలో ఒలికాయి. గడప మీదుగా గ్లాసు చాచింది. పద్మశ్రీ రెండు చేతులతో అందుకుంది.

సూరాయమ్మ వదల్లేదు.

"ఆయన నవ్వింది కనపడింది, పిలిసింది ఇనపడింది," అంది, తడి కళ్ళతోనే, మెల్లగా. "అంత దగ్గర్నించి సూసేడు, సెయ్యందియ్యలేదన్నమాట. అప్పుడు మీ తాత సేతుల్లో ఏటుందే?"

కుక్కుటేశ్వరరావుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. పద్మశ్రీకి అర్థమైంది. ఏ తువ్వాలో, తాడో అంటే సరిపోతుంది. ముసలావిడ నమ్ముతుంది, నీళ్ళిస్తుంది, విస్తరి వేస్తుంది, వచ్చే శుక్రవారం కూడా ఈ ఇల్లు పుట్టిల్లుగానే ఉంటుంది. దాహంతో నోరు పిడచకట్టుకుపోయింది. కానీ అబద్ధం చెప్పి ఈ ఇంటి నీళ్ళు ఒకసారి తాగారు తమవాళ్ళు. రెండోసారి తాగడం తనవల్ల కాదు.

గ్లాసు మీంచి చేతులు తీసేసింది.

"చుక్కాని అండి," అంది.

సూరాయమ్మ గ్లాసు వెనక్కి తీసుకోలేదు. ముందుకూ జరపలేదు.